మూడు సీమల ఉమ్మడి ధర్మం: గద్వాల ఈరప్ప గారు

సింగవరం మక్తా, అంటే ఆ ఊరి శిస్తు వసూలు హక్కు, మా వంశానికి దక్కి నాలుగు తరాలయింది. మా ముత్తాత తిమ్మారెడ్డి గారు వనపర్తి కచేరీకి వెళితే ఆయన కోసం కుర్చీ వేసి ఉంచేవారు. మా తాత లక్ష్మారెడ్డి గారు గద్వాల జాతరకు వెళితే రథానికి ముందు మా ఇంటి కాగడా నడిచేది. మా తండ్రి గోపాలరెడ్డి గారి కాలానికి మా ఇంట ఏడు గుర్రాలూ పదకొండు వ్యాజ్యాలూ ఉండేవి. గుర్రాలు ముందు పోయాయి. వ్యాజ్యాలు తరువాత పోయాయి, వాటితో పాటు మక్తా కూడా పోయింది. నా వంతుకు మిగిలినవి గడి, ఒక జొన్నపాతర, మా తాత మొదలు పెట్టిన ఒక ధర్మం. ప్రతి శనివారం పెబ్బేరు పశువుల సంతకు వచ్చేవారికి అంబలి పోయడమే ఆ ధర్మం. ఆయన మొదటి ముంత నింపిన నాటి నుండి ఈ రోజు వరకు ఒక్క సంత కూడా తప్పలేదు. ఈ మాట నేను గర్వంగానే చెబుతున్నాను. అయితే ఇందులో సగం గర్వం నాది కాదు. అది ఎవరిదో చెప్పడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఈ నెల మొదటి శనివారం సంత మంచి ఊపు మీద ఉంది. నేను అంబలి పోస్తున్నాను. కృష్ణ రేవులో పుట్టి నడిపే దస్తగిరి ఎడ్ల మధ్య నుండి తోసుకుంటూ వచ్చి నా ఎదుట నిలబడ్డాడు.

“దొరా, మన ఈరప్ప తాత పొద్దుగాల పోయిండు.”

గరిటె నా చేతిలోనే ఆగిపోయింది. దస్తగిరే చెప్పాడు.

“చాయ తెచ్చి ఇస్తే జెర తాగి, సల్లగయింది, ఇంకోటి తెండ్రి అన్నడంట. ఇంకోటి తెచ్చేసరికి లేడు.”

అరుగు మీద కూర్చున్న ఎడ్లవాళ్ళు ముంతలు కింద పెట్టారు. వారిలో ఒక ముసలివాడు, “అంబలి ఆపుతరా దొరా?” అని మెల్లగా అడిగాడు. మూడు తరాలుగా మా పొయ్యి చూసే వంటవారి ఇంటి ఆడపడుచు, డెబ్బై ఏళ్ళ సాయమ్మ, కళ్ళు తుడుచుకుంటూనే నా మీద కసురుకుంది.

“ఆపితే ఆయన పాడె మీదికెల్లి లేచి వస్తడు. ఎందుకొచ్చిన లొల్లి, పొయ్యుండ్రి.”

పోశాను. ఆఖరి ముంత నిండాక పుట్టి ఎక్కి గద్వాల చేరాను.

ఆయనను ఎరగనివారి కోసం చెబుతాను. ఈరప్ప గారిది గద్వాల నేతగాళ్ళ వీధి. మనిషి నా భుజం దాకా కూడా రాడు. మోకాళ్ళ కింది దాకా పంచె, మెడలో ఒక తువ్వాల, నూలుకు పెట్టే గంజి వాసన, ఇంతే ఆయన ఆర్భాటం. మాట్లాడుతూ మాట్లాడుతూ ఎదుటివారి బట్ట కొస పట్టుకుని వేళ్ళ నడుమ రుద్ది చూసే అలవాటు ఒకటి ఉండేది. ఎదుట ఉన్నది అంగడివాడైనా, అధికారి అయినా, పెండ్లికొడుకైనా ఆ పరీక్ష తప్పించుకున్నవారు లేరు.

ఉమ్మడి ధర్మం ఆయన తలలో పుట్టింది ఒక ఎండాకాలం. ఆ ఏడు గద్వాల పెద్దబజారులో మూడు చలివేంద్రాలు వెలిశాయి. ఒకరి పందిరి మీద ఒకరి పందిరి నీడ పడేటంత దగ్గర. వచ్చేపోయేవారిని మూడు చోట్ల నుండీ పిలిచేవారు. ఒక చోట తాగి రెండో చోట తాగకపోతే అలిగేవారు. ఈరప్ప గారు మూడు చోట్లా మర్యాదకు తాగి, కడుపు ఉబ్బరించి, ఇంటికి వచ్చి మంచం మీద వాలారట. ఆ సాయంత్రమే మన్ననూరు అడవి నుండి తేనె అమ్మడానికి వచ్చినవారు, దారిలో ఒక్క చోట కూడా నీళ్ళు దొరకక ఒక ముసలామె పడిపోయిందని ఆయనకు చెప్పారు. “ఈడ నీళ్ళు తాగలేక సస్తున్న, ఆడ నీళ్ళు లేక సస్తున్నరు. ఇచ్చేటోళ్ళు తక్కువై గాదు, ఇచ్చేటోళ్ళకు తోవ తెల్వక,” అని తరువాత ఎన్నో సభలలో చెప్పేవారు, కడుపు నిమురుకుంటూ.

ఆయన వేసిన పద్ధతి ఇది: గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు సీమలలో ధర్మం చేయదలచిన ప్రతివారూ తాము ఇవ్వగలిగింది ఒకచోట చేర్చాలి. ధాన్యమైనా, బట్టైనా, బండి కిరాయైనా, ఒంటి చాకిరీ అయినా సరే. మూడు సీమల నుండి కూర్చున్న ఏడుగురు, ఏ ఊళ్ళో ఏ మంచి పని ఆగిపోతున్నదో విచారించి, అక్కడికి పంపాలి. ఆ పని అంతకు ముందు నుండీ చేస్తున్నవారి చేతుల మీదుగానే అది జరగాలి. ఆయన కొత్త సత్రం ఒక్కటి కూడా కట్టలేదు. ఉన్న సత్రాల పొయ్యి ఆరకుండా చూశారు.

ఇచ్చేవారి దగ్గరకు వెళ్ళినప్పుడు ఆయన, ఎంత ఇస్తారు అని అడిగేవారు కారు. “ఈ మజ్జెన ఏది చూసినంక మీకు బువ్వ సయించలే?” అని అడిగేవారు. ఒక వర్తకుని భార్య, పురిటిలో పోయిన తన పొరుగింటి పిల్లను తలచుకుని ఏడ్చింది. ఆమె ఇచ్చినది ఏనాటికీ మంత్రసానుల పనికే పోయింది, మరో దానికి మళ్ళలేదు. ఇచ్చేవారి మనసు తెలుసుకోకుండా తీసుకునేది ధర్మం కాదని, సుంకమని ఆయన మాట.

ఆయన మొదటిసారి మా గడికి వచ్చిన నాడు నేను అరుగు మీద కుర్చీలో ఉన్నాను. లేవలేదు. ఆయన దండం పెట్టి, మెట్లెక్కి, నా కండువా కొస పట్టుకుని చూసి, మొదటి మాటగా ఇది అన్నారు:

“దొరా, ఇది నూరో నంబరు నూలని చెప్పి ఇచ్చిండ్రా మీకు?”

“అవును. ఏం?”

“అరవైది, ముతకది. మిమ్మల్ని ముంచిండ్రు. ఎవరిచ్చిండ్రో చెప్పుండ్రి, మావోడే అయితే చెవి మెలేస్త.”

మా అరుగు మీద నిలబడి మా కండువాను తప్పు పట్టినవాడు అంతకు ముందు లేడు. వచ్చిన పని చెప్పు అన్నాను. అప్పట్లో నేను ఆయనను నువ్వు అనేవాడిని. ఆయన ఉమ్మడి ధర్మం సంగతి చెప్పి, పెబ్బేరు అంబలిని కూడా అందులో కలపమన్నారు. మా పాతరలో గింజ తగ్గుతున్నదని ఎవరో చెప్పి ఉంటారు.

“మా ఇంటి ధర్మంలో మరొకరి గింజ కలవదు,” అన్నాను. “మేము ఇచ్చినవాళ్ళమే గాని పుచ్చుకున్నవాళ్ళం కాము.”

“గట్లనే కానియ్యుండ్రి,” అని దండం పెట్టి వెళ్ళిపోయారు. మెట్లు దిగుతూ వెనక్కు తిరిగి, “కండువ మాత్రం మార్చుండ్రి,” అన్నారు.

ఆ మాట అన్నాక నాకు నిద్ర తగ్గింది. పాతర అడుగు కనబడుతున్నది. మా తాత మొదలు పెట్టినది నా చేతుల్లో ఆగిపోతుందా అన్నది ఒక బాధ. ఆగకుండా ఉండాలంటే ఇంకొకరి ఎదుట చెయ్యి చాచాలి, చాచినవాడు ఇక సింగవరం వాడు ఎట్లా అవుతాడన్నది ఇంకొక బాధ. ఆ రెండింటి మధ్య మూడు సంతలు గడిపాను. మూడో సంతకు సాయమ్మ నా మాట మీద అంబలిలో నీళ్ళు పెంచింది. ఎడ్లవాళ్ళు తాగారు. ఒకరూ మాట అనలేదు. రెండో ముంత అడగకుండా లేచి వెళ్ళారు. అది మాట అనడం కంటే ఎక్కువైంది.

ఆ నాడే ఈరప్ప గారు సంత దగ్గరి అరుగు మీద ఎడ్లవాళ్ళ పక్కన కూర్చుని ఉన్నారు. నేను చూసుకోలేదు. ముంత పట్టారు, పోశాను. తాగి, మూతి తుడుచుకుని, అంబలి మాటే ఎత్తలేదు.

“దొరా, ఇయ్యాల నేను మిమ్మల్ని అడుక్కోనీకె వచ్చిన.”

“నన్నా?”

“నాగర్‌కర్నూలుల చదువుకునే పోరగాండ్ల భోజనశాల ఉన్నది గదా. బియ్యం మేమే పంపుతున్నం, పప్పు పంపుతున్నం. అయినా దినాం కొట్లాటలే. పెట్టేటోడు దబాయిస్తడు, తినేటోడు ముకం మాడ్చుకుంటడు. సగం తిని సగం పారేస్తరు. మాకు వస్తువు పంపుడు తెలుసు గాని, మనిషికి పెట్టుడు తెల్వదు. గా పెట్టుడు మీ ఇంట్ల ఉన్నది. సాయమ్మను తీస్కొని ఒక పదొద్దులు రాండ్రి.”

మా ఇంట్లో ఉన్నదని ఆయన అన్నది దేనినో చెప్పాలి. పెబ్బేరులో మా తాత కట్టించిన అరుగు నడుము ఎత్తు ఉంటుంది. తాగేవారు దాని మీద కూర్చుంటారు. పోసేవాడు కింద నేల మీద నిలబడతాడు. పోసేవాడి చెయ్యి పైకి లేవాలి, తాగేవాడి చెయ్యి కిందికి రావాలి. అది మా ఇంటి పద్ధతి. లోకంలో ఇది తలకిందులుగా ఉంటుంది. పిల్లప్పుడే మా చేత పోయించి అలవాటు చేసేవారు. ఎవరి ముఖం చూసి పోయకూడదు, ముంత చూసి పోయాలి. చాలా అని అడగకూడదు, ముంత వెనక్కు పోయేదాకా గరిటె ఉండాలి. నేను ఇవన్నీ లోకానికంతా తెలిసినవే అనుకునేవాడిని. ఈరప్ప గారు అరుగు మీద కూర్చుని ఒక్కసారి తాగి ఇది పట్టుకున్నారు.

పది రోజులు అనుకున్నది నెల అయింది. నాగర్‌కర్నూలులో కూర్చునే చోట మట్టి పోయించి ఎత్తు చేయించాను. వడ్డించేవారిని నేల మీదికి దించాను. సాయమ్మ వంటవాడిని పక్కకు నెట్టి, “పప్పుల రాళ్ళు ఏరకుంట వండుడు ఏ గురువు నేర్పిండు నీకు?” అని మొదలు పెట్టి, వారానికి వాడి చేత తనను అవ్వా అని పిలిపించుకుంది. నెలాఖరుకు కొట్లాటలు ఆగాయి. విస్తళ్ళలో మెతుకు మిగలడం లేదు.

నేను తిరిగి పెబ్బేరు వచ్చిన శనివారం మా అరుగు దగ్గర మానవపాడు జొన్న బండెడు దిగి ఉంది. నేను లేని శనివారాలు కూడా అంబలి చిక్కగా పోశారని ఎడ్లవాళ్ళు చెప్పారు. ఈరప్ప గారు బండి పక్కన నిలబడి ఉన్నారు.

“ఇదెవరిది?” అన్నాను.

“తెల్వదు దొరా. ఉమ్మడిది. మీ పెట్టుడు ఉమ్మడికి పోయింది, ఉమ్మడి జొన్న ఈడికొచ్చింది. ఇందుల పరేషాన్ అయ్యే ముచ్చట ఏమున్నది?”

ఆయన నా చేత ముందు ఇప్పించి, తరువాతనే నాకు ఇచ్చారని అప్పుడు నాకు తోచలేదు. జొన్న దింపించుకున్నాను. కాని బండిని చూసిన ఒకడు, “దొర గూడ తీస్కునుడు సురువు చేసిండు,” అన్న మాట చెవిన పడింది. ఆ ముల్లు లోపల ఉండిపోయింది. నేను ఇచ్చేవాడినా, పుచ్చుకునేవాడినా? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు తేలకుండా కొన్నేళ్ళు ఉమ్మడి ధర్మంలో తిరిగాను.

ఆ తిరుగుడు మాత్రం నా జీవితంలో అన్నిటికంటే సంతోషమైన కాలం. ఈరప్ప గారి నియమం ఒకటి ఉండేది. ఇచ్చిన ప్రతివారూ ఏడాదికి ఒక రోజు, తాము ఇచ్చినది చేరిన చోటికి స్వయంగా వెళ్ళి, అక్కడివారితో కలిసి తిని, తాగి, కట్టి చూడాలి. వనపర్తి గానుగల రాచప్ప శెట్టి పెద్ద దాత. తన పేరు రాతి మీద చెక్కించి మంత్రసాని ఇంటి గోడకు పెట్టాలని ఆయన పట్టు. ఈరప్ప గారు కాదనలేదు. “పెడ్దాం శెట్టి. మొదలు ఒక్కపూట ఆ ఇంట్ల కూసొని రా,” అన్నారు. శెట్టి వెళ్ళిన పూటే అక్కడ కాన్పు వచ్చింది. మగవాళ్ళందరినీ బయటికి తరిమారు. శెట్టిని నీళ్ళు కాచమన్నారు. పొయ్యి రాజేయడం ఎరగని మనిషి పొగలో దగ్గుతూ కూర్చుని, తన గానుగ నూనె అంతా దీపంలో పోసి, లోపలి నుండి బిడ్డ ఏడుపు వినగానే ఎవరూ చూడకుండా తానూ ఏడ్చాడు. మళ్ళీ రాతి మాట ఎత్తలేదు. ఆ పిల్లకు రాచమ్మ అని పేరు పెట్టారని తెలిసినప్పుడు మాత్రం వనపర్తి అంతా బెల్లం పంచాడు.

మరి మన్ననూరు చీరల ముచ్చట చెప్పకపోతే గద్వాల వీధివారు నన్ను క్షమించరు. మొదటి ఏడు అడవి కుటుంబాలకు బట్టలు పంపాలని నేతగాళ్ళు తీర్మానించుకున్నారు. నేతగాడు ధర్మానికి ఇచ్చేది తన చేతిలో మేలైనది అయి ఉండాలని వారి పట్టుదల. అందుచేత చీర నడిమి భాగమైన నూలు ఒడలికి పట్టు అంచు మగ్గం మీదే కలిపి, పెండ్లి చీరల వంటివి నేసి పంపారు. అడవిలో ముళ్ళ కంపల మధ్య తిరిగే ఆడవాళ్ళకు అవి ఎందుకు పనికొస్తాయన్న ఆలోచన ఆ వీధిలో ఒక్కరికీ రాలేదు. ఏడాది తిరిగాక నియమం ప్రకారం ఈరప్ప గారూ, నలుగురు నేతగాళ్ళూ, నేనూ బండి కట్టుకుని మన్ననూరు వెళ్ళాము. ఊరి మొదట్లోనే ఒక కుక్క ఎదురైంది. దాని మెడలో కోవెల గోపురాల అంచు. కొంచెం ముందుకు పోతే చెట్టుకు ఉయ్యాల, దాని తాళ్ళు పట్టు అంచులు. పట్టెలు పట్టెలుగా చీల్చి, పేనిన అంచు తాడుతో ఒకడు కొండచరియ నుండి తేనె తీస్తున్నాడు.

నేతగాళ్ళలో పెద్దవాడు బండి దిగి నడిరోడ్డు మీద కూలబడ్డాడు. “మూడు నెలల పని. కుక్క మెడల కట్టిండ్రు,” అన్నాడు. అక్కడి పెద్ద లింగమ్మకు అతని బాధ అర్థం కాలేదు.

“ఏందయ్యా, ఏమైంది? బట్ట మంచిగనే ఉన్నది, ముండ్లకు పట్టి చినిగింది. అంచు మాత్రం దేవుడిచ్చింది. మా నార తాళ్ళు రెండేండ్లకు తెగుతయి. ఇది తెగలే.”

ఈరప్ప గారు కొండచరియ దగ్గరకు వెళ్ళి, వేలాడుతున్న తాడును వేళ్ళ మధ్య రుద్ది చూశారు.

“మనిషి బరువు మోసిందా?”

“ఇద్దర్ని మోసింది.”

ఆయన వెనక్కు తిరిగి, కూలబడిన పెద్దాయనతో అన్నారు: “లేరా లచ్చప్ప. నీ అంచు కట్టుకున్న రాణులు ఎవరన్న దాన్ని పట్టుకొని కొండ దిగిండ్రా? ఇంత పరీక్ష నీ నేతకు ఎన్నడన్న అయిందా?” లచ్చప్ప కాసేపు ఆలోచించి, లేచి, తాను కూడా తాడు లాగి చూసుకుని, మీసం మీద చెయ్యి వేసుకున్నాడు. అందరం నవ్వాము. లింగమ్మ ఎందుకో తెలియకుండానే మాకంటే ఎక్కువ నవ్వింది. వచ్చేటప్పుడు రెండు కుండల తేనె బండిలో పెట్టింది. వద్దనబోయిన నన్ను ఈరప్ప గారు మోచేత్తో పొడిచారు. మరుసటి ఏటి నుండి మన్ననూరుకు ముతక నూలుతో, ముల్లుకు ఆగే దళసరి బట్ట నేశారు. అందరికంటే ముందు ఈరప్ప గారే తన మగ్గం మీద. ఆ పని ఆయన కడదాకా మరొకరికి వదలలేదు.

నా ప్రశ్నకు జవాబు వనపర్తిలో ఏడాది కూటమిలో దొరికింది. ఆనవాయితీగా ఇచ్చేవారు జంపఖానా మీదా, ధర్మాలు నడిపేవారూ పొందేవారూ చాపల మీదా కూర్చునేవారు. నేను గుమ్మం దగ్గరే నిలబడిపోయి, ఈరప్ప గారిని పిలిచి, “నన్ను ఏ వరుసలో కూర్చోమంటావు?” అని అడిగాను. ఆయన నా వంక చూసి, లోపలికి వెళ్ళి నడుమ నిలబడ్డారు.

“ఈ ఏడు ఉమ్మడికి ఏమీ ఇయ్యనోళ్ళు జెర లెవ్వుండ్రి.”

ఎవరూ లేవలేదు. మన్ననూరువారు తేనె ఇచ్చారు. పెబ్బేరు ఎడ్లవాళ్ళు కిరాయి లేకుండా బండ్లు తోలారు. నాగర్‌కర్నూలు విద్యార్థులు ఊరి ముసలివారికి ఉత్తరాలు రాసి పెట్టారు. సాయమ్మ లేవబోయినట్టు నటించి, “నా తిట్లు ఇచ్చుడు కిందికే వస్తయి,” అని కూర్చుంది.

“మంచిది. ఉమ్మడి నుంచి ఏమీ తీస్కోనోళ్ళు లెవ్వుండ్రి.”

రాచప్ప శెట్టి ఛాతీ విరుచుకుని లేచాడు. తానొక్కడే లేచినట్టు గమనించి ఇంకొంచెం విరిచాడు.

“శెట్టి, లింగమ్మ తేనె ఎట్లున్నది?” అన్నారు ఈరప్ప గారు.

“తేనెనా? అమృతమే. రెండు మార్లు అడిగి తెప్పించుకున్న.”

“ఇగ కూసో.”

కూటమి గొల్లుమంది. శెట్టి కూడా నవ్వుతూనే కూర్చున్నాడు. అయితే జంపఖానా మీద కాదు, దగ్గరగా ఉన్న చాప మీద. తరువాత ఎవరు ఎక్కడ కూర్చున్నారో ఎవరికీ పట్టలేదు. నేను గుమ్మం దాటి లోపలికి వెళ్ళి లింగమ్మ పక్కన కూర్చున్నాను. మా వంశంలో అంతకు ముందు ఎవరూ చాప మీద కూర్చోలేదు. వెన్ను నిటారుగానే ఉంది. అది చాప మీద కూడా వంగదని ఆ రోజు తెలుసుకున్నాను. ఆ నాటి నుండి ఆయనను నేను గారు అన్నాను. ఆయన మాత్రం నన్ను దొరా అనడం మానలేదు. ఎందుకని అడిగితే, “అలవాటైన నాలిక. మీరు ఇంకా ఆ కుర్చీలనే ఉన్నరనుకుంటది,” అన్నారు.

ఒడలు నూలుది, అంచు పట్టుది, రెండూ ఒకటి కావు, కలిపేది నేతగాని చెయ్యి, ఉమ్మడి ధర్మం కూడా అంతే అని ఆయన అనేవారు. మా ఈ మూడు సీమలలో కులాలెన్ని, తగవులెన్ని, ఒకరి గడప ఒకరు తొక్కని ఇళ్ళెన్ని. వాటన్నిటి నడుమ ఆ చిన్న మనిషి మోకాళ్ళ కింది పంచెతో నడిచిపోతుంటే అన్ని తలుపులూ తెరుచుకునేవి. కొందరు ఆయన కోసం తెరిచారు. కొందరు తమ బట్ట ఏ నంబరు నూలో చెప్పించుకోవడానికి తెరిచారు. తెరిచిన తరువాత మూయడం ఎవరికీ చేతకాలేదు.

చివరిసారి నేను ఆయనను చూసినది పోవడానికి మూడు వారాల ముందు. మగ్గం గుంటలో కూర్చుని ఉన్నారు, మగ్గం మాత్రం ఖాళీగా ఉంది. యుద్ధం మొదలైన దగ్గర నుండి నూలు దొరకడం గగనమైన సంగతి అందరికీ తెలిసినదే. వీధి వీధంతా సగం మగ్గాలు ఆగిపోయి ఉన్నాయి.

“ఈసారి మన్ననూరుకు బట్ట పోదేమో దొరా,” అన్నారు. “నా వంతు గదొక్కటే. దొరికే నూలు నల్లబజారుల ఉన్నది, ఆడికి నేను పోను. సర్కారు దుకాణంల వచ్చినప్పుడు ఒక్కసారే కొనాలె. చేతుల లేదు. చలికాలం వస్తుండె.”

“శెట్టిని అడుగుదాం,” అన్నాను.

“శెట్టి మంత్రసానుల ఇండ్లు మోస్తుండు. మానవపాడోళ్ళు మీ అంబలి మోస్తుండ్రు. ఒకని బరువు తీసి ఇంకొకని మీద పెడితే ఉమ్మడి కాదు గద.” నవ్వి, “ఎవరో ఒకరికి బువ్వ సయించకుంట అయితది తియ్యుండ్రి. గప్పుడు వాళ్ళే వస్తరు,” అన్నారు.

నేను ఇంటికి వచ్చి అన్నానికి కూర్చున్నాను. ఏమైందో తెలియదు, రెండు ముద్దల తరువాత చెయ్యి కడుక్కున్నాను.

ఆయన పదో దినానికి మూడు సీమల వారూ గద్వాలలో చేరారు. ఏడ్చినవారి కంటే ఆయన మాటలు చెప్పుకుని నవ్వినవారే ఎక్కువ. కుక్క మెడలోని గోపురాల అంచు కథ లచ్చప్ప మూడుసార్లు చెప్పాడు, చెప్పినప్పుడల్లా తేనె తీసేవాళ్ళ బరువు పెరిగింది. లింగమ్మ ఆ కథ విని, అంత బరువున్నవాళ్ళం కాదు మేము, అని సరిదిద్దింది. ఆ మధ్యాహ్నమే సర్కారు దుకాణం నుండి నూలు బేళ్ళు వీధిలోకి వచ్చాయి. తెచ్చినవాడు ఈరప్ప గారి మగ్గం ముందు దింపి వెళ్ళిపోయాడు. ఎవరు పంపారని అడగడం ఉమ్మడి ధర్మంలో ఆచారం కాదు, కనుక ఎవరూ అడగలేదు. లచ్చప్ప మాత్రం ఒక నూలు చిలప తీసి వేళ్ళ మధ్య రుద్ది, “నంబరు సరిగనే ఉన్నది,” అని ఆకాశం వంక చూసి చెప్పాడు. పన్నెండు ఇళ్ళవారు తలా కొంత నేయడానికి పంచుకున్నారు. చలి ముదరక ముందే బండి మన్ననూరు చేరుతుంది.

ఆయనకు సరివచ్చే మనిషిని నేను మా కచేరీలలో చూడలేదు, గడులలో చూడలేదు, ఇక చూస్తానన్న ఆశ కూడా లేదు. ఇచ్చేవాని అహంకారాన్నీ పుచ్చుకునేవాని సిగ్గునీ ఒక్క చేత్తో తీసివేసి, ఎవరికీ నొప్పి తెలియకుండా ఇద్దరినీ ఒకే చాప మీద కూర్చోబెట్టగల నేర్పు ఆయనతోనే వచ్చింది. దానిని మిగిలినవాళ్ళమంతా కలిసి నేర్చుకోవాలి, అయినా పూర్తిగా రాదు. ఏడుగురి కూటమిలో ఆయన స్థానంలో లచ్చప్ప కూర్చుంటున్నాడు. మంచివాడు, కాని నవ్వించలేడు. ఈరప్ప గారికి ఈ మూడు సీమల పక్షాన, మా నాలుగు తరాల పక్షాన, నా తల వంచి నమస్కరిస్తున్నాను. ఈ తల వంచడం నేను ఆలస్యంగా నేర్చుకున్నాను.

మా ఊరి మీదుగా పోయేవారు పలువురు ఆగి, గడి గుమ్మం బోసిగా ఉందేమని అడుగుతున్నారు గనుక చెబుతున్నాను. సింగవరం గడి సింహద్వారపు టేకు తలుపుల జత, ఇత్తడి బొడిపెలతో సహా, ఆయన పోయిన మరుసటి వారం వనపర్తి కలప వర్తకునికి అమ్మివేయబడింది.